శ్రీమత్ పిడిగిన్నె విజయము

కావ్యానికి ముందు ఇష్టదేవతా ప్రార్థన ఉండాలి కనుక, దక్షిణ వేల్స్‌లోని లనెల్లి పట్టణపు పిడిగిన్నెకు మొదట నమస్కారం. తగరం పూత పూసిన రేకులకు ఒకప్పుడు ఆ ఊరికి ఉన్న పేరు ఇంతా అంతా కాదు. టినోపొలిస్ అని బిరుదే ఇచ్చేశారు. ఊరి రగ్బీ క్లబ్బు 1872లో పుట్టింది. ఎర్ర చొక్కాల పుణ్యాన దాని వీరులు స్కార్లెట్స్ అయ్యారు. అప్పటి రణరంగం పేరు స్ట్రేడీ పార్క్. మన గోపురాలకు కలశాలుంటాయి. వాళ్ల గోల్ స్తంభాల కొసన పాలు కాచుకునే ఎర్ర గిన్నెలుంటాయి.

ఇతర వీరులు యుద్ధానికి శంఖాలు పూరిస్తారు. లనెల్లి వారు 'సోస్‌బన్ వాఖ్' పాడతారు. చిన్న గిన్నె పాట అది. ఇతివృత్తం ఏమయ్యా అంటే, మేరీ ఆన్ వేలికి దెబ్బ తగిలింది, పనివాడికి ఒంట్లో నలతగా ఉంది, ఉయ్యాల్లో పసివాడు ఏడుస్తున్నాడు, పిల్లి జానీని గీరింది, పొయ్యి మీద గిన్నె ఉడుకుతోంది. అంతే! వేలమంది గొంతెత్తి దీన్ని పాడుతుంటే ఎదుటి జట్టు కాళ్లలో వణుకు పుట్టాలి. పిల్లి గీరిన సంగతికి ఇంత వీరరసం పట్టించిన జాతి మరొకటి ఉందని నేననుకోను.

ఇక కథ. 1972లో వెల్ష్ కప్పు తొలి ఫైనల్లో మన నాయకులు నీత్ జట్టు చేతిలో 15–9తో భంగపడ్డారు. ఆ అవమానం ఆరకముందే క్లబ్బు నూరో ఏడు వచ్చింది. దానితోపాటు అక్టోబరు 31, మంగళవారం నాడు, న్యూజిలాండ్ ఆల్ బ్లాక్స్ ఊరి మీదికి వచ్చారు. నల్ల చొక్కా, నల్ల నిక్కరు, నల్ల మేజోళ్లు, ఎదమీద మాత్రం ఒక వెండి ఫెర్న్ ఆకు. సేనాపతి ఇయాన్ కిర్క్‌పాట్రిక్. ఇటు చూస్తే ఒక ఊరి క్లబ్బు, అటు చూస్తే ఒక దేశం. కవులకు ఇంతకంటే ఏం కావాలి?

లనెల్లి ద్రోణాచార్యుడు కార్విన్ జేమ్స్. చేతిలో విల్లు లేదు, వేళ్ల మధ్య ఆరని సిగరెట్టు ఉంది. ఉద్యోగం వెల్ష్ సాహిత్యం చెప్పడం. నౌకాదళంలో ఉండగా రష్యన్ కూడా నేర్చాడు. 1970లో వెల్ష్ జాతీయవాద పార్టీ ప్లైడ్ కమ్రీ తరఫున లనెల్లి నుంచే పార్లమెంటుకు నిలబడితే జనం ఓడించారు. మరుసటి ఏడు బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్లతో ఏరికూర్చిన లయన్స్ జట్టుకు శిక్షకుడై వెళ్లి న్యూజిలాండ్‌ను వాళ్ల గడ్డమీదే సిరీస్‌లో ఓడించి వచ్చాడు. పార్లమెంటుకు పనికిరాడన్న మనిషి చేతిలోనే ఊరు తన పరువంతా పెట్టింది. ఓటర్లకు ఇలాంటి విచక్షణ ఉంటుంది.

ఆట ముందు దుస్తులు మార్చుకునే గదిలో కెప్టెన్ డెల్మీ థామస్ మాట్లాడాడు. మూడుసార్లు లయన్స్‌తో వెళ్లొచ్చినవాడు. ఈ ఒక్క గెలుపు కోసం ఆ ఘనతంతా వదులుకుంటానన్నాడట. అది విని వీరాధివీరులు కన్నీళ్లు పెట్టుకున్నారని చెబుతారు. అర్జునుడు గీతకు ముందు ఏడ్చాడు, వీళ్లు గీత అయ్యాక ఏడ్చారు. తేడా అంతే.

ఇప్పుడు అసలు నాయిక రంగప్రవేశం చేస్తుంది. ఆమె పేరు అడ్డకర్ర. నేలకు పది అడుగుల ఎత్తున, రెండు స్తంభాల నడుమ పద్దెనిమిదిన్నర అడుగుల మేర, నూరేళ్ల చరిత్రలో ఎవరూ పట్టించుకోని వినయంతో ఆమె అడ్డంగా పవళించి ఉంది. బంతి తన మీదుగా పోతే పాయింట్లు, తన కిందుగా పోతే సున్నా. ఇంతకు మించిన కోరికలు ఆమెకు లేవు. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే లనెల్లికి పెనాల్టీ దొరికింది. ఫిల్ బెనెట్ గురిచూసి తన్నాడు. కోలబంతి పైకి లేచింది. వేలకొద్దీ మెడలు దానితోపాటు లేచాయి. సూర్యచంద్రులు ఆగారని రాయాలి గానీ, అక్టోబరు చివర వేల్స్ ఆకాశంలో సూర్యుణ్ణి వెతకడమే ఒక సాహసం. బంతి వచ్చింది, వచ్చింది, వచ్చి సరిగ్గా అడ్డకర్రకు తగిలి మైదానంలోకే తిరిగి పడింది.

అయ్యో అనకండి. ఆ బంతి మరో జానెడు ఎత్తుగా పోయి ఉంటే మూడు పాయింట్లు వచ్చి, ఈ కావ్యం ఒక పద్యంతో సరిపోయేది. గురి తప్పింది కాబట్టే కథ పుట్టింది. వెనక్కి పడ్డ బంతిని న్యూజిలాండ్ స్క్రమ్ హాఫ్ లిన్ కాలింగ్ అందుకున్నాడు. దూరంగా తన్ని గండం గట్టెక్కుదామనుకున్నాడు. అతని బూటుకూ ఆకాశానికీ మధ్య ఉన్నట్టుండి లనెల్లి ఆటగాడు రాయ్ బెర్జియర్స్ చేతులు లేచాయి. తన్నిన బంతి ఆ చేతులకు కొట్టుకుని గోల్ గీత దాటింది. బెర్జియర్స్ వెళ్లి దానిమీద బోర్లా పడ్డాడు. దీన్నే రగ్బీలో ట్రై అంటారు. ఆ రోజుల్లో విలువ నాలుగు పాయింట్లు. పద్యకావ్యాల్లో శత్రువు తల తెగిపడుతుంది, ఇక్కడ మనవాడే పొట్టమీద పడ్డాడు. వీరత్వానికి ఇంత నేలబారు భంగిమ మరెక్కడా చూడం. బెనెట్ ఈసారి అడ్డకర్ర జోలికి పోకుండా, ట్రై వెంట దక్కే కన్వర్షన్ తన్నాడు. మరో రెండు. మూడు రావలసిన చోట ఆరు!

తర్వాతి గంటపైచిలుకు మల్లయుద్ధాన్ని వ్యాసుడైతే ద్రోణపర్వమంత రాసేవాడు, నేను రెండు మాటల్లో దాటేస్తున్నాను. జో కరమ్ పెనాల్టీతో న్యూజిలాండ్‌కు మూడు వచ్చాయి. చివర్లో లనెల్లి వీరుడు ఆండీ హిల్ చాలా దూరం నుంచి తన్నిన పెనాల్టీ అడ్డకర్ర మీదుగా గౌరవంగా సాగిపోయింది. ఈల మోగింది. లనెల్లి 9, న్యూజిలాండ్ 3.

జనం కట్టలు తెంచుకుని మైదానంలోకి దిగి డెల్మీ థామస్‌ను భుజాలకెత్తుకున్నారు. ఆ రాత్రి ఊళ్లో పబ్బుల్లో బీరు పీపాలు అడుగంటాయి. అగస్త్యుడు సముద్రాన్ని ఒక్క గుక్కలో తాగాడంటారు. లనెల్లి ప్రజలు సమష్టి కృషిని నమ్మారు. మాక్స్ బాయ్స్ అనే హాస్యగాయకుడు ఆ రోజు మీద '9–3' అని కవిత కట్టాడు. అలా ఆస్థానకవి లోటూ తీరింది.

ఆ ఏటి తక్కిన వైభవం కూడా చెప్పాలి. 1973 జనవరిలో అదే ఆల్ బ్లాక్స్‌ను కార్డిఫ్‌లో, పలు జట్ల నుంచి ఆహ్వానించిన ఆటగాళ్లతో కూర్చిన బార్బేరియన్స్ జట్టువారు 23–11తో ఓడించారు. అందులో గారెత్ ఎడ్వర్డ్స్ చేసిన జగత్ప్రసిద్ధమైన ట్రైకి ఎత్తుగడ వేసింది బెనెట్. దారిలో బంతి టామ్ డేవిడ్, డెరెక్ క్విన్నెల్ చేతుల మీదుగా పోయింది. ముగ్గురూ పిడిగిన్నె ఊరి జట్టువాళ్లే. ఆపై లనెల్లి వారు వెల్ష్ కప్పు ఫైనల్లో కార్డిఫ్‌ను 30–7తో చిత్తు చేశారు. రుచి మరిగి 1976 దాకా వరసగా నాలుగేళ్లు ఆ కప్పును వదల్లేదు.

ఆల్ బ్లాక్స్‌ను ఓడించిన ఆ పదిహేను మందిలో సెంటర్‌గా ఆడిన రే గ్రావెల్ 2007లో సరిగ్గా అక్టోబరు 31నే కన్నుమూశాడు. ఊరు స్ట్రేడీలోనే అతన్ని సాగనంపింది. మరుసటి ఏడు క్లబ్బు కొత్త మైదానానికి తరలిపోయింది.

ఫలశ్రుతి: ఈ కథ విన్నవారికి గురి తప్పినా దిగులు ఉండదు. ఆల్ బ్లాక్స్ మళ్లీ లనెల్లికి వచ్చి 1980లో 16–10, 1989లో 11–0, 1997లో 81–3తో గెలిచి వెళ్లారు. మీరెప్పుడైనా ఆ ఊరు వెళ్తే తొమ్మిది–మూడు గురించి ఎవరినైనా అడగండి, సాయంత్రం దాకా చెబుతారు. ఎనభై ఒకటి–మూడు ఊసు మాత్రం ఎత్తకండి.