దొంగొచ్చాడు, ముందు రీచార్జి చేయించండి

వైర్లు లాగక్కర్లేదు, గోడకు చిల్లు పెట్టక్కర్లేదు, పది నిమిషాల్లో మీ ఇల్లు కోట అయిపోతుందట! వైర్‌లెస్ దొంగల అలారం అమ్మేవాళ్ల మాట ఇది. ఇంత సులువని తెలియక ఓరుగల్లులో గణపతిదేవుడు రాతి గోడ మొదలుపెట్టి పోతే రుద్రమ పూర్తిచేయాల్సి వచ్చింది. పైగా చుట్టూ కందకం తవ్వుకున్నారు, పాపం.

డబ్బా విప్పితే తలుపుకు అంటించే అయస్కాంతం ముక్క, గది మూలకు పీఐఆర్ సెన్సర్, ఒక సైరన్, సిమ్ వేసే ప్యానెల్. ఆ సెన్సర్ దొంగను చూడదు. కదిలే వేడిని పసిగడుతుంది, అదీ గది వేడికీ ఒంటి వేడికీ తేడా ఉంటేనే. చలిదేశాల్లో దివ్యంగా పనిచేస్తుంది. మే నెలలో రెంటచింతలలో తాళం వేసిన ఇంట్లో గోడలూ మనిషీ ఒకే వేడి మీదుంటే దానికి చూపు ఆనదు. ఎండాకాలం దొంగలకు ఇంతకన్నా రాయితీ ఏం కావాలి? అదే కటకం మీద బొద్దింక పాకిందా, వీధంతా హోరెత్తించేస్తుంది.

సరే, మోగితే ఎవరొస్తారు? డబ్బా మీద అన్నీ రాశారు, ఈ ఒక్కటి తప్ప. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ. మియాపూర్‌లో ఐదో అంతస్తులో సైరన్ మొదలైందనుకోండి. ఎదురింటాయన భీమవరంలో కోడిపందేల బరి దగ్గర ఉంటాడు. కింద వాచ్‌మన్ తల కూడా ఎత్తడు. 'ఐదు వందల రెండు వాళ్లదే సార్, రోజూ ఉండేదే' అంటాడు. ఇంటాయన ఫోనుకు 'జోన్ 3 అలారం' అని మెసేజ్ వస్తుంది. జోన్ 3 అంటే వంటింటి కిటికీయా, పూజగది తలుపా అని అత్తారింటి వసారాలో మొగుడూపెళ్లాలు వాదులాడుకుంటారు. బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే వాడూ పండక్కి ఊరెళ్లాడు. ఇదంతా ప్యానెల్‌లోని సిమ్ బతికుంటేనండోయ్! ఇంట్లో నాలుగు ఫోన్లకు రీచార్జి గుర్తుంటుంది గానీ గోడకున్న ఐదో దానికి ఎవరు చేయిస్తారు?

అమెరికాలో ఈ బాగోతం ముందే ఆడేశారు. ఉత్తుత్తి అలారాలకు పరుగెత్తి పరుగెత్తి విసిగిన సాల్ట్ లేక్ సిటీ పోలీసులు 2000 చివర్లో చేతులెత్తేశారు. ఎవరైనా వెళ్లి చూసి నిజమేనని చెబితేనే వస్తామన్నారు. 2016లో ఇంకో ముచ్చట. సింప్లీసేఫ్ అనే పేరుమోసిన వైర్‌లెస్ అలారంలో కీప్యాడ్ నుంచి వెళ్లే పిన్ సంకేతానికి గాలిలో ఏ ముసుగూ లేదనీ, దాన్ని పట్టి మళ్లీ వినిపిస్తే అలారం నోరుమూసుకుంటుందనీ ఐఓయాక్టివ్ సంస్థ బయటపెట్టింది. అప్పటికే ఇళ్లల్లో ఉన్నవాటి చిప్పులను మార్చి రాసే వీలు కూడా లేదట. వైరైతే దొంగ లోపలికొచ్చి కోయాలి. ఇప్పుడు గోడ అవతల నిలబడితే చాలు, పాపం వాడికీ శ్రమ తగ్గింది. మన బజారులో చవగ్గా దొరికే 433 మెగాహెర్ట్జ్ సెన్సర్లలో చాలావరకు ఎప్పుడూ ఒకే కోడ్ పలికే రకం. ఒక్కసారి విన్నవాడికి ఇక ఎప్పటికీ చెల్లుతుంది.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఒకటి పెట్టారు. ఊరెళ్లేముందు యాప్‌లో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల అలికిడైతే కబురు కంట్రోల్ రూముకు వెళ్తుంది. అంటే వచ్చేవాడు కూడా ఉన్నాడన్నమాట. పైసా ఖర్చు లేదు. అందుకే కాబోలు, నామోషీ. ఊరెళ్తున్న సంగతి పోలీసులకు చెప్పడానికి మొహమాటపడే పెద్దమనిషి రైలెక్కగానే భార్యాబిడ్డలతో సెల్ఫీ దిగి, 'నాలుగు రోజులు అత్తారింట్లోనే' అని స్టేటస్ పెడతాడు. ఆ ఫోనుకు మాత్రం రీచార్జి ఎన్నడూ తప్పదు.