ముందు గోడ, తరువాత గీత

భిలాయి పద్ధతి ప్రకారం కట్టిన పట్టణమన్నది ఛత్తీస్‌గఢ్‌లో ఎవరూ కాదనని మాట. మరో ఊళ్లో వీధులు ఇరుకైనా, కాలువలు పొంగినా భిలాయి సెక్టార్లను చూసి నేర్చుకొమ్మనడం అక్కడి అధికారులకు ఆనవాయితీ. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందంతో దుర్గ్ పక్కన పల్లెల పొలాల్లో ఉక్కు కర్మాగారానికి దారి ఏర్పడింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించాక దానితోపాటే టౌన్‌షిప్, అంటే కంపెనీ తన ఉద్యోగుల కోసం తానే కట్టి తానే నడుపుకునే ఊరు, సెక్టారు తరువాత సెక్టారుగా పెరుగుతూ పోయింది. సెక్టారుకో బడి, బజారు, మైదానం. వీధులకు మహానుభావుల పేర్లు కాక అంకెలు. చెట్ల నీడన వెడల్పాటి అవెన్యూలు. పటం గీసినవారు బుద్ధిమంతులే. ఆ పటంలో కాపురం ఉండబోయేవారికి కొడుకులూ కోడళ్లూ స్కూటర్లూ ఉంటాయని మాత్రం వారికి తోచినట్టు లేదు.

పట్టణ ప్రణాళికా శాస్త్రానికి భిలాయి చేసిన అసలు సేవ సెక్టార్లు కాదు, ఆ తరువాత జరిగినది. శాస్త్రగ్రంథాల్లో పటం ముందు పుడుతుంది, కట్టడం తరువాత పుడుతుంది. భిలాయిలో ముందు గోడ లేస్తుంది, గోడ ఆరాక నోటీసు వస్తుంది, నోటీసు పాతబడ్డాక రుసుము నిర్ణయమవుతుంది, రుసుము చెల్లించాక పటంలో గీత పడుతుంది. ఈ తంతును క్రమబద్ధీకరణ అంటారు. అనుమతి లేకుండా కట్టినదాన్ని డబ్బు తీసుకుని అనుమతితోనే కట్టినట్టు భావించడమని దాని అర్థం. పెళ్లయి పిల్లలు పుట్టాక జాతకాలు తెప్పించుకుని, కలవని పొంతనలకు లెక్కగట్టి పంతులుగారు సంభావన పెంచడం లాంటిదిది.

ఇది ఎలా సాధ్యమైందో తెలియాలంటే అక్కడి నేల మీద ఎంతమందికి పెత్తనం ఉందో ముందు చూడాలి. టౌన్‌షిప్ భూమి స్టీల్ అథారిటీ వారి భిలాయి ఉక్కు కర్మాగారానిది, వాడుకలో బీఎస్పీది. టౌన్‌షిప్ హద్దులకు ఆనుకుని పెరిగిన పేటల బాగోగులు చూడటానికి సాడా అనే ప్రత్యేక ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ ఉండేది. 1998లో దాని స్థానంలో మునిసిపల్ కార్పొరేషన్, అక్కడివారి మాటలో నిగమ్, వచ్చింది. 2019లో అందులోంచి రిసాలీ విడిపోయి మరో నిగమ్ అయింది. ఏ నేలలో ఇళ్లుండాలి, ఎక్కడ దుకాణాలు, ఎక్కడ ఫ్యాక్టరీలు అన్న భూవినియోగ నిర్ణయం వీరెవరి చేతిలోనూ లేదు. అది, ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉన్న రోజుల్లో 1973లో వచ్చిన నగర, గ్రామ నివేశ చట్టం కింద పనిచేసే రాష్ట్ర శాఖది. ఇవి గాక రైల్వే భూమి ఉంది, రెవెన్యూ శాఖ చేతిలో నజూల్ అనిపించుకునే పట్టణ ప్రభుత్వ భూమి ఉంది. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 243-క్యూ అధికరణం పౌరసేవలన్నీ కంపెనీయే అందించే చోటును పారిశ్రామిక టౌన్‌షిప్‌గా ప్రకటించి మునిసిపాలిటీ లేకుండా నడుపుకునే వెసులుబాటు గవర్నరుకు ఇచ్చింది. భిలాయి ఆ దారిన పోకుండా కంపెనీనీ మునిసిపాలిటీనీ ఒకే నేల మీద కొలువు తీర్చింది. కనుక సెక్టారువాసి ఓటేసి నిగమ్‌కు కార్పొరేటరును పంపుతాడు, కుళాయిలో నీళ్లు రానినాడు ఆ కార్పొరేటరును వెంటబెట్టుకుని బీఎస్పీ నగర సేవల విభాగం గడప తొక్కుతాడు. ఆస్తిపన్ను ఎంతన్న తగాదాలో కంపెనీ, నిగమ్ రెండూ కోర్టు మెట్లెక్కాయి. పన్ను కోసం ఇంతగా తగువులాడుకునే సంస్థలు, అడ్డంగా లేచిన గోడ ఎవరి హద్దులోదని అడిగితే మాత్రం ఎదుటివారిదేనని మహా మర్యాదగా ఒప్పుకుంటాయి.

అతిక్రమణ ఎలా ఎదుగుతుందో సెక్టారులోని ఒక పాత క్వార్టర్ ముందు నిలబడితే తెలుస్తుంది. ఒకే అంతస్తు ఇల్లు, ముందు కాస్త ఖాళీ జాగా. మొదట ఆ జాగా చుట్టూ గోరింట కంచె పెరుగుతుంది, దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆవులు పడి మేస్తున్నాయని కంచె వెంట ముళ్లతీగ వస్తుంది. తీగ తుప్పు పట్టిందని ఇటుక గోడ వస్తుంది. ఆ గోడ కంచె మొదళ్ల దగ్గర కాక రెండడుగులు అవతల రోడ్డు అంచున లేస్తుంది, ఎందుకంటే గోరింట కొమ్మలు అంతదాకా వచ్చేవి. స్కూటర్ తడుస్తోందని పైన రేకులు పడతాయి, రేకుల కిందికి మంచం చేరుతుంది, కొడుకు పెళ్లినాటికి రేకులు పోయి స్లాబు పడుతుంది, కొన్నాళ్లకు ఆ గదికి వీధివైపు షట్టర్ అమరి లోపల జిరాక్స్ మిషను తిరుగుతుంది. ఏ ఒక్క దశా అతిక్రమణ అనిపించదు, అంతకు ముందు దశకు చిన్న మరమ్మతులా కనిపిస్తుంది. పొరుగింటాయన ఫిర్యాదు చేయడు, ఆయన రేకుల దశలో ఉన్నాడు.

దీన్ని ఆపడానికి చట్టం లేక కాదు. ప్రభుత్వ ఆవరణల్లోని అనధికార ఆక్రమణదారులను ఖాళీ చేయించే 1971 చట్టం బీఎస్పీకి అండగా ఉంది. దాని 4వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, 5వ సెక్షన్ కింద ఖాళీ చేయమన్న ఉత్తర్వు, 9వ సెక్షన్ కింద జిల్లా జడ్జికి అప్పీలు. విచారణ జరిపే ఎస్టేట్ అధికారి సంస్థ ఉద్యోగుల్లోంచే వస్తాడు. ఇల్లు కంపెనీది, ఫిర్యాదు కంపెనీది, తీర్పు చెప్పేది కంపెనీ అధికారి, తాళం పగలగొట్టేది కంపెనీ ఎన్‌ఫోర్స్‌మెంట్ బృందం. వాది, న్యాయమూర్తి, అమీనా ఒకే గేటు పాసుతో డ్యూటీకి పోయే ఇటువంటి ఏర్పాటు ప్రైవేటు ఇంటి యజమానికి కలలో కూడా దక్కదు. ఇంత బలగం ఉన్నా గోడ రెండడుగులు వెనక్కి రాలేదు, ఎందుకంటే బలగంలోనివారూ క్వార్టర్లలోనే ఉంటారు, క్వార్టర్లకు గోరింట కంచెలుంటాయి.

ఈ శతాబ్దం మొదట్లో స్టీల్ అథారిటీ కొన్ని వేల క్వార్టర్లను 33 ఏళ్ల లీజు మీద ఉద్యోగులకూ రిటైరైనవారికీ ఇవ్వడంతో వ్యవహారం మరింత రసవత్తరమైంది. పీఎఫ్ డబ్బు పోసి లీజు రాయించుకున్న మనిషి ఆ ఇల్లు తనదేననుకుంటాడు; ఇల్లు మాదే, నీది లీజేనని కంపెనీ అంటుంది; గది వేసుకోవడానికి అనుమతి ఎవరు ఇవ్వాలో తేలేలోపు ఆయన గది వేసుకుని సున్నం కూడా కొట్టించేస్తాడు. అంతలో ఒకప్పుడు 60 వేలకు పైగా పర్మినెంటు కార్మికులున్న కర్మాగారంలో ఇప్పుడు అందులో నాలుగో వంతు కూడా లేరు. లోపలి వీధుల్లో ఖాళీ క్వార్టర్ల కిటికీ చట్రాలు రాత్రికి రాత్రి మాయమవుతుంటే, బయటి పేటల్లో జాగా చాలక జనం కాలువల మీద పలకలు పరిచి ఇళ్లు కడుతున్నారు. ఈ రెంటినీ ఒకే పటం మీద పెట్టి చూసే పని ఏ శాఖదని అడగడం సభామర్యాద కాదు.

పటం గీసినప్పుడే అందులో చోటు దక్కనివారి సంగతి వేరు. కర్మాగారానికి పునాదులు తవ్విన కూలీల కోసం వెలసిన తాత్కాలిక బసలు క్యాంప్-1, క్యాంప్-2. ఆరు దశాబ్దాలు దాటినా వాటి పేరు మారలేదు, తాత్కాలికం మాత్రం పోయింది. విజయనగరం-రాయపూర్ రైలు మార్గం వెంట ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన తెలుగువారు క్యాంపుల్లోనూ ఖుర్సీపార్‌లోనూ స్థిరపడ్డారు. వారిలో పర్మినెంటు అయినవారికి సెక్టారు క్వార్టర్, పిల్లలకు బీఎస్పీ బడి, జ్వరమొస్తే సెక్టార్-9 ఆసుపత్రి దొరికాయి. సెక్టార్-5 బాలాజీ గుడి దగ్గర పర్మినెంటు కార్మికుడూ కాంట్రాక్టు కూలీ ఇద్దరూ ఒకే వరుసలో నిలబడినా, ఇంటికి పోయేటప్పుడు కూలీ పటం బయటికి నడిచాడు. అదే కర్మాగారం, అదే వేడి. పటం బయట గుడిసె వేసుకున్న వాడికి కబ్జాదారు అన్న బిరుదు దక్కింది.

మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1984లో పట్టణాల్లో సర్కారు జాగాల మీద గుడిసెలు వేసుకున్న భూమిలేనివారికి పట్టాలిచ్చే చట్టం తెచ్చింది. పేదవాడికి నీడనిచ్చిన మంచి చట్టమే. కాకపోతే అటువంటి చట్టాలన్నిటికీ గడువు తేదీ ఒకటుంటుంది, ఆ తేదీకి ముందురాత్రి గుడిసె వేసినవాడు లబ్ధిదారు, మర్నాటి పొద్దున వేసినవాడు నేరస్థుడు. నేరస్థులే జేసీబీకి సులువుగా అందుతారు. భిలాయిలోని సుపేలాలో ఆదివారం రోడ్డు వెంట పరుచుకునే సంతలో కూరగాయల గంప, చొక్కాల బండి ట్రాఫిక్‌కు అడ్డమని ఎవరైనా ఇట్టే కనిపెట్టగలరు. వెనకాల ఉన్న మూడంతస్తుల భవనం నివాస ప్లాటులో లేచిన దుకాణ సముదాయమని కనిపెట్టడానికి సర్వే కావాలి, సర్వేకు కమిటీ కావాలి, కమిటీ కూర్చునేసరికి భవనానికి నాలుగో అంతస్తు వస్తుంది.

ఆ భవనాల కోసం ఛత్తీస్‌గఢ్ తన పుట్టిన రెండో ఏటనే, 2002లో, అనధికార అభివృద్ధి క్రమబద్ధీకరణ చట్టం చేసింది. 2016లో దాన్ని సవరించింది, 2022లో మళ్లీ సవరించింది. ఇటువంటి చట్టాన్ని తెచ్చిన ప్రతిసారీ ఇదొక్కసారికేనన్న భావం కలిగించడం రివాజు. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 డిసెంబరు 31న వచ్చిన 901, 902 జీవోలు అక్రమ భవనాలకూ లేఅవుట్లకూ పాపవిముక్తి ప్రసాదించాయి, తెలంగాణలో 2020 ఆగస్టు 31 నాటి 131వ జీవోకు 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. 25 లక్షల మంది ఒక నియమాన్ని తప్పినప్పుడు తప్పినది మనుషులా, నియమమా అన్న ప్రశ్న దరఖాస్తు ఫారంలో లేదు.

కట్టేసుకున్నారు, అన్నీ కూల్చలేం, డబ్బయినా వస్తుందని క్రమబద్ధీకరణను సమర్థించేవారి వాదం. రెండు గదుల ఇంటి విషయంలో ఆ వాదం న్యాయమైనదే, దాన్ని కూల్చమనేవాడికి గుండె లేదనుకోవాలి. వ్యాపార భవనం దగ్గరికి వచ్చేసరికి అది లెక్కల పద్దవుతుంది. కట్టబోయేవాడు వదలవలసిన జాగా విలువనూ, రేపు చెల్లించబోయే రుసుమునూ పక్కపక్కన వేసుకుని, ఏది తక్కువో అదే చేస్తాడు. అనుమతి కోసం తిరిగి, జాగా వదిలి, మురుగు కాలువకు దారిచ్చి కట్టిన పొరుగువాడు ఆ వీధిలో అమాయకుడిగా మిగులుతాడు. నిజాయితీపరుడికి రుసుములో రాయితీ ఇచ్చే సవరణ ఇంతవరకూ రాలేదు, ఆయన కట్టవలసిన రుసుమే లేదు గనుక.

2022 సవరణలో పార్కింగు ఏర్పాటు అన్నిటినీ మించినది. భవనానికి ఇన్ని కార్ల జాగా ఉండాలని నియమం ఉంది. ఆ జాగాలో షాపు వెలిసి ఉంటే, తక్కువైన కార్లను లెక్కబెట్టి, కారుకింత చొప్పున అదనపు శాస్తి వసూలు చేసి భవనాన్ని సక్రమం చేయవచ్చు. డబ్బు ఖజానాకు చేరుతుంది, పత్రం యజమానికి చేరుతుంది, కారు మాత్రం ఊరి పెద్ద రోడ్డయిన జీఈ రోడ్డు పక్కనే ఉంటుంది, దానికి వేరే చోటు లేదు గనుక. అక్కడ ట్రాఫిక్ పోలీసు దాని చక్రానికి తాళం వేసి, రోడ్డుకు అడ్డంగా నిలిపినందుకు చలానా రాస్తాడు. లేని పార్కింగుకు భవనం యజమాని ఒక్కసారి కట్టి చేతులు దులుపుకున్నాడు. చీర కొనడానికి వచ్చిన మనిషి వచ్చినప్పుడల్లా కడుతూనే ఉంటాడు, ఆయనకు క్రమబద్ధీకరణ వర్తించదు.