రిప్లై ఆల్ బటన్‌కు ఒక పి.ఎ. రాసే బహిరంగ లేఖ

రిప్లై ఆల్ బటన్‌కి,

మా మేడమ్ మెయిల్ రోజూ మొదట తెరిచేది నేను. ఆవిడ సీట్లో కూర్చునేసరికి ఏ ఉత్తరానికి ఈ పూటే జవాబు వెళ్లాలి, ఏది అకౌంట్స్‌కి పంపాలి, ఏది ఫైల్లో పెడితే చాలు అన్నది తేల్చి ఉంచాలి. సెక్రటరీ పనిలో సగం ఇదే. ఆ సగాన్నీ నువ్వు పాడుచేస్తున్నావు.

మొన్న ఒకరి ప్రమోషన్ సర్క్యులర్ వెళ్లింది. ‘కంగ్రాట్స్’ అని ఒకరు నిన్ను నొక్కారు. ఇక వరసపెట్టి అందరూ. చనిపోయిన మా ఉద్యోగి భార్య ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం రాసిన మెయిల్ ఆ కుప్ప అడుగున పడిపోయింది. ఆవిడకి మర్నాడే గడువు. అంతకుముందు ఒకతను సెలవు అడుగుతూ తన జబ్బు సంగతి పై అధికారికి రాయబోతే, అది సెక్షన్ మొత్తానికీ వెళ్లింది. రీకాల్ కొట్టాడు. అప్పటికే చాలామంది చదివేశారు. ఆ రోజంతా అతను తలెత్తలేదు.

ఇది మా ఒక్క ఆఫీసు గోడు కాదు. 2016 నవంబరు 14న ఇంగ్లండ్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఒక పరీక్ష మెయిల్ పొరపాటున దాదాపు 8,40,000 మందికి వెళ్లింది. ‘నాకెందుకు పంపారు?’, ‘నా పేరు తీసేయండి’ అంటూ జనం నిన్నే నొక్కారు. కాసేపట్లోనే దాదాపు 50 కోట్ల మెయిళ్లయ్యాయి. ఆసుపత్రుల అసలు ఉత్తరాలు వాటి వెనక ఆగిపోయాయి. 1997లో మైక్రోసాఫ్ట్ లోపలే ఇలాంటిది జరిగింది. 2020లో ఆ సంస్థే నీకో అడ్డుకట్ట కట్టింది: అప్పట్లో 5,000 మందికి మించిన జాబితాకి గంటలో 10 రిప్లై ఆల్‌లు పడితే, తర్వాతవి కొన్ని గంటలు ఆగిపోయేవి. మా జాబితాలో 300 మందైనా లేరు. ఆ కట్ట మమ్మల్ని కాయదు.

అందుకని సర్క్యులర్ ఏదైనా పేర్లన్నీ బీసీసీలో పెడుతున్నాను. అప్పుడు నిన్ను నొక్కినా జవాబు నాకొక్కదానికే వస్తుంది. ‘టు’లో పని చేయాల్సినవాళ్లు, ‘సీసీ’లో తెలిసి ఉండాల్సినవాళ్లు అని కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే చెబుతున్నాను. మీటింగ్ టైము మారినప్పుడు మాత్రం నువ్వు కావాలి, కాదనను.

కానీ నిన్ను మామూలు రిప్లై పక్కనే ఎందుకు పెట్టారు? నిన్ను నొక్కగానే ‘ఇది ఇంతమందికి వెళ్తుంది, పంపమంటారా?’ అని అంకె చూపించి అడిగేలా చేయమని మా ఐటీ విభాగానికి అర్జీ పెట్టాను. దానికి జవాబు ఇంకా రావాలి.

ఇట్లు,
ఒక పి.ఎ.