పన్ను పీకించుకున్నాక గాయం మానకుండా చూసుకోవడం ఎలా?

జ్ఞానదంతం పీకిస్తే ఆఫీసువాళ్లు ఇచ్చేది మహా అయితే రెండ్రోజుల సెలవు. దాన్ని రెండు వారాలకు సాగదీయడం పెద్ద విద్యేమీ కాదు. నిద్ర పాడుచేసుకోండి.

1. దూది కరిచిపట్టుకోమని చెప్పి పంపిస్తారు డాక్టరు. గుంటలో గడ్డకట్టే నెత్తురే కింది ఎముకను కప్పి ఉంచుతుంది. అది ఊడితేనే మన పని అయ్యేది. అందుకే మేలుకుని ఉండండి. నిద్రలేనివాడి నాలుక ఊరికే ఉండదు, గుంటను కెలుకుతూనే ఉంటుంది. తోడుగా స్ట్రాతో కూల్‌డ్రింకు పీల్చండి, సిగరెట్టు వెలిగించండి, మాటిమాటికీ ఉమ్మండి.

2. ఒంటి మరమ్మతుకు పనికొచ్చే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా ఊరేది గాఢనిద్రలోనే. రాత్రి పదకొండింటికి వెబ్ సిరీస్ పెట్టుకోండి. "ఒక్క ఎపిసోడే" అని ఇంట్లో చెప్పండి.

3. ఒంటిగంటకు ఆకలేస్తుంది. బిస్కెట్లు తినండి, పిండి పళ్ల సందుల్లో ఇరుక్కోవాలి. నోట్లో పీహెచ్ దాదాపు 5.5 కన్నా దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. ఆ పులుపును విరిచేది లాలాజలం. నిద్రపోతే అది బాగా తగ్గిపోతుంది. కాబట్టి తిన్న వెంటనే, నోరు కడగకుండా పడుకోండి. ఎవరైనా అడిగితే "డాక్టరు బ్రష్ పెట్టొద్దన్నారు" అనండి. గాయం దగ్గర మాత్రమే వద్దన్నారన్న సంగతి వాళ్లకెందుకు?

4. వెల్లకిలా, నోరు తెరిచి, గురకపెట్టి పడుకోండి. నోరెండిపోతుంది, చిగుళ్లు పాడవుతాయి. నిద్రలో ఊపిరి ఆగుతోంది, చూపించుకోమని భార్య పోరితే "మా నాన్నకీ ఇంతే" అని తేల్చేయండి.

5. నిద్రలో పటపటా పళ్లు కొరుకుతున్నారా? కాఫీ ఇంకా పెంచండి. పొద్దున్నే దవడ పట్టేస్తే కడుపులో నులిపురుగులని చెప్పండి. మన ఇళ్లలో ఈ మాట నమ్మనివాళ్లు తక్కువ.

6. మూడో రోజుకు నొప్పి చెవిదాకా లాగి, నోరు కంపు కొడితే డ్రై సాకెట్ వచ్చినట్టే, అంటే గడ్డ ఊడి ఎముక బయటపడినట్టే. శభాష్! డాక్టరు గుంట కడిగి మందు పెడతారు. రాత్రి ఎన్నింటికి పడుకున్నారని అడిగితే "నొప్పికి నిద్రెక్కడ పడుతుంది సార్!" అనండి. మొదటి రాత్రి నొప్పే లేదని ఆయనకు తెలియదు.

మెడికల్ సర్టిఫికెట్ అక్కడే రాయించుకోండి. పనిలో పనిగా రెండోవైపు జ్ఞానదంతం కూడా చూపించి, దానికీ తారీఖు తీసుకోండి.