దవడ పంచాయితీ

(గుంటూరులో ఒక పళ్ళ ఆస్పత్రి. గోడ మీద తెల్లదొర, దొరసాని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు. మన రాష్ట్రంలో ఏ పళ్ళ ఆస్పత్రికెళ్ళినా నవ్వేది వీళ్ళే. మనవాళ్ళు నవ్వరో, నవ్వినా ఫొటోకి పనికిరారో తెలీదు. బోసినోటి పింఛను మాస్టారు, ఆయనకు తోడొచ్చిన వియ్యంకుడు కూర్చుని ఉన్నారు. ట్యాబ్ పట్టుకుని ప్యాకేజీ బాబు ప్రవేశం.)

ప్యాకేజీ బాబు: నమస్తే అంకుల్! సిల్వర్ కావాలా, గోల్డా, ప్లాటినమా?

మాస్టారు: బంగారప్పళ్ళు వద్దు నాయనా. దొంగల భయం.

ప్యాకేజీ బాబు: అవి ప్యాకేజీల పేర్లంకుల్. ఏది తీసుకున్నా లోపల దించేది టైటానియం స్క్రూనే. ఎముక దాన్ని పట్టేసుకుంటుంది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టరు కుందేలు కాలి ఎముకలో టైటానియం పెట్టి, తర్వాత తీద్దామంటే ఊడి రాలేదట! 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టారు.

వియ్యంకుడు: కుందేలుకి పళ్ళు బాగానే ఉంటాయిగా, దాని కాలెందుకు పాడుచేశారు? బావగారూ, ఈ మాయలో పడకండి. నా సెట్టు చూడండి. మనవడి బారసాలనాడు కట్టించాను, వాడిప్పుడు ఇంజనీరింగు.

మాస్టారు: మరి మొన్న సంక్రాంతికి చక్కిలం ముట్టలేదేం బావగారూ?

వియ్యంకుడు: చక్కిలాలు నాకు మొదట్నుంచీ పడవు.

మాస్టారు: పెళ్ళిచూపులనాడు మా ఇంట్లో పళ్ళెం ఖాళీ చేసింది మీరేగా?

వియ్యంకుడు: అప్పుడు పళ్ళు నావి. (గొంతు తగ్గించి) పై సెట్టుకి వంక పెట్టలేం, అంగిటికి అతుక్కుని కూర్చుంటుంది. కింద అంగిలేది? నాలుక తోస్తుంది, బుగ్గ నెడుతుంది. నోరు తెరిస్తే నాకంటే ముందు అదే మాట్లాడుతుంది. జిగురు పొడి చల్లుకుని నెట్టుకొస్తున్నా. మా ఆవిడతో మాత్రం బ్రహ్మాండంగా ఉందనే చెప్పాను, డబ్బు పెట్టాక ఇంకేమంటాం?

(మాస్టారి ఫోన్ మోగుతుంది. తెరమీద అమెరికా అబ్బాయి.)

అమెరికా అబ్బాయి: నాన్నా, ఇంకేం ఆలోచించకు. నాలుగు స్క్రూల మీద వరస మొత్తం బిగించేస్తారు. తీసేదీ పెట్టేదీ ఉండదు. అదే చేయించుకో.

మాస్టారు: నీ దవడ పన్నొకటి విరిగిందన్నావు. చేయించుకున్నావా?

అమెరికా అబ్బాయి: ఇక్కడ రేట్లు తెలుసా నాన్నా? డిసెంబర్లో వచ్చి అక్కడే చేయించుకుంటా.

ప్యాకేజీ బాబు: అంకుల్, ప్లాటినం అయితే ఒక్కరోజులో పళ్ళు! పైగా జీవితకాలం గ్యారంటీ.

మాస్టారు: ఎవరి జీవితకాలం?

ప్యాకేజీ బాబు: మీదే అంకుల్.

మాస్టారు: నాకు డెబ్బై ఎనిమిది. అయితే కాస్త తగ్గించు.

(డాక్టరమ్మ వస్తుంది. ఇంతసేపట్లో మాస్టారి నోట్లోకి తొంగిచూసిన మొదటి మనిషి ఈవిడే.)

డాక్టరమ్మ: ఒక్కరోజులో పెట్టేవి తాత్కాలికం పళ్ళు మాస్టారూ, అవి కూడా అందరికీ కుదరవు. స్క్రూని ఎముక పట్టుకోడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. షుగరుందా?

మాస్టారు: ఉంది, అదుపులోనే.

డాక్టరమ్మ: అయితే పెట్టొచ్చు. చుట్ట?

మాస్టారు: మానేశానమ్మా.

డాక్టరమ్మ: ఎప్పుడు?

మాస్టారు: ఇందాక, అబ్బాయి ఫోన్ మోగగానే.

డాక్టరమ్మ: నిజంగానే మానాలి. చుట్ట కాలిస్తే స్క్రూ నిలవకపోవచ్చు. ఎముకల మందులేమైనా వాడుతుంటే అదీ చెప్పాలి. సరే, మీకేం తినాలనుంది?

(నిశ్శబ్దం. ఈ ప్రశ్నకి ట్యాబ్‌లో గడి లేదు.)

మాస్టారు: జంతికలమ్మా. తిన్నంతసేపూ సెట్టు జారుతుందన్న బెంగ ఉండకూడదు, అంతే.

డాక్టరమ్మ: పైన మామూలు సెట్టు చాలు. కింద ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లు దించి, సెట్టుని వాటికి టిచ్ బటన్లలా తగిలిద్దాం. రాత్రి తీసి కడుక్కుని నీళ్ళలో వేసుకోవచ్చు. పళ్ళు లేని కింది దవడకి ముందు ఆలోచించాల్సింది ఇదేనని 2002లోనే కెనడాలో మెక్‌గిల్ యూనివర్సిటీలో కూడిన నిపుణులు చెప్పారు.

ప్యాకేజీ బాబు: మేడమ్, దానికి మన దగ్గర ప్యాకేజీ లేదండి!

వియ్యంకుడు: రెండేనా? అంటే సగం వాళ్ళ మాట, సగం నా మాట. ఇద్దరం ఓడినట్టే కదా!

డాక్టరమ్మ: అలాగని పెట్టి మర్చిపోయేవి కావు. ఇంప్లాంటు పుచ్చదు గానీ చుట్టూ చిగురు వాస్తుంది, ఎముక కరుగుతుంది. రోజూ శుభ్రం చేసుకోవాలి. లోపలి రబ్బరు రింగులు అరిగితే మార్పించుకోవాలి.

అమెరికా అబ్బాయి: నాన్నా, ఫ్రెండ్స్ అడిగితే ఏం చెప్పను? ఫుల్ సెట్ ఇంప్లాంట్స్ అని చెప్పేశాను!

మాస్టారు: తినేది నేనురా. చెప్పుకునేది నువ్వు. ఎవరి పని వాళ్ళు చేసుకుందాం.

వియ్యంకుడు: (డాక్టరమ్మ పక్కకి జరిగి) అమ్మా, నా పాత సెట్టుకి కూడా ఆ బటన్లు తగిలించొచ్చా? బావగారికి వినపడకుండా చెప్పండి.

డాక్టరమ్మ: సెట్టు గట్టిగా ఉంటే ఒక్కోసారి కుదురుతుంది. కానీ పళ్ళు పోయాక దవడ ఎముక ఏడాదికేడాది అరుగుతూనే ఉంటుంది. అందుకే మీ సెట్టు వదులైంది. ఎంత మిగిలిందో స్కాన్ తీసి చూడాలి.

వియ్యంకుడు: అరిగింది ఎముకా? ఇన్నాళ్ళూ సెట్టే అరిగిందని కట్టినవాణ్ణి తిడుతున్నానే!

ప్యాకేజీ బాబు: (గబగబా ట్యాబ్‌లో ఏదో కొట్టి) అంకుల్, ఇప్పుడే వచ్చింది. ఇద్దరూ కలిసి చేయించుకుంటే వియ్యంకుల ప్యాకేజీ!