ద్వివచనం లేని నోటీసు: సటీకా తాత్పర్యం

మూలం

"మన అయ్యగారు బదిలీ చేయబడినారు. కొత్త అయ్యగారు వచ్చువరకు పుంగనూరు అయ్యగారు ఇన్‌చార్జిగా ఉందురు. తక్కిన పనులు సంఘస్థులే పంచుకొనవలెను."

అవతారిక

ఈ గ్రంథం మదనపల్లెలో మా చర్చి వసారాలో, కోత పండుగ వేలం లెక్కలకూ కరెంటు బిల్లుకూ నడుమ, రెండు గుండుపిన్నుల ఆధారంతో వెలసింది. గద్యమే అయినా యతి ఉంది. చదివినవాళ్లంతా "పంచుకొన" దగ్గర ఆగిపోయారు.

టీక

మన = ప్రసంగం పన్నెండు దాటిన ఆదివారాల్లో ఈయన "మీ అయ్యగారు". లారీకి సామాన్లు ఎక్కినప్పటినుంచి "మన".

అయ్యగారు = కాపరి, ప్రెస్బిటర్. పాఠాంతరం: "అయ్యరు". ఇది కుప్పం ప్రతిలోది. అక్కడుండే మా పెద్దమ్మ నోటీసు ఫోటో వాట్సాప్‌లో చూసి అట్లాగే చదివింది. అది మూడు రాష్ట్రాల గాలి తగిలే ఊరు. తమిళ క్రైస్తవుల్లో పాస్టరును అయ్యరనే వాడుక ఉంది. ఆ మాట విని మా పక్కింటి శాస్త్రిగారు, "మావాళ్లూ ఉండారా మీలో?" అని సంబరపడ్డారు.

ఈ పదానికి స్త్రీలింగం సందిగ్ధం. 2013లో నంద్యాలకు ఇ. పుష్పలలితగారు బిషప్ అయ్యారు. దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠమెక్కిన తొలి మహిళ. రేపు మాకూ ఒకావిడ కాపరిగా వస్తే ఏమని పిలవాలి? "అమ్మగారు" అందామంటే ఆ మాట అయ్యగారి భార్యకు ఎప్పుడో రాసిచ్చేశాం.

బదిలీ చేయబడినారు = కర్మణి ప్రయోగం. చేసినవారు కనపడరు. "బడు" తెలుగుకు ఎబ్బెట్టని పండితులంటారు గానీ ఆఫీసులకు అది మాతృభాష. మూలకర్త అసలు దోషం కూడా ఇక్కడే ఉంది. క్రియ ఒక్కరికి చెప్పాడు, లారీ వెనక వెళ్లింది ఇద్దరు. సంస్కృతమైతే ద్వివచనం వేసి పట్టుకునేది. తెలుగుకు ఆ వచనం లేదు గనుక అమ్మగారు లెక్కలోకి రాలేదు. జీతం పట్టీలోనూ రాలేదనుకోండి.

వచ్చువరకు = కాలావధి. ఎంత అని అడగరాదు.

ఇన్‌చార్జి = పుంగనూరు నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు బండి మీద వచ్చువాడు. ప్రభు భోజన సంస్కారం ప్రెస్బిటరే జరపాలి. నెల మొదటి ఆదివారం ఆయనకు సొంత సంఘంలోనే ఆ పని ఉంటుంది. కాబట్టి మాది రెండో ఆదివారానికి జరిగింది. మిగతా వారాలు ప్రార్థన చదవడానికీ వాక్యం చెప్పడానికీ పెద్దలు చాలు.

తక్కిన పనులు = ఈ రెండు మాటల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథం రాయవచ్చు. ఉంది కూడా. బీరువా అరలో, బల్లగుడ్డల కింద, అమ్మగారి చేతిరాతలో ఒక స్కూలు నోటుబుక్కు. "మూలింటి అవ్వకు బుధవారం కంటి చుక్కలు. పెద్దక్షరాల పాటల పుస్తకం ఆమె కుర్చీ కింద. షుగరున్నోళ్లు నలుగురు, టీ వేరే. హార్మోనియం మూడో మెట్టు పలకదు, పక్కది పట్టుకోవాలి. పల్లెనుంచి వచ్చే పిల్లోడికి బస్సు చార్జి, వాళ్లమ్మకు చెప్పొద్దు." కమిటీ నిలబడే చదివింది. ఆఖరి పేజీకి కూర్చుంది.

పంచుకొనవలెను = విధ్యర్థకం. "సంఘస్థులే" అని కర్త ఉన్నట్టే కనిపిస్తుంది, వెతికితే దొరకడు. అధ్యాహారం చేసుకోవాలని స్త్రీల మైత్రి, అక్కరలేదని యౌవనస్థులు. ఇక్కడొక వాదం:

"పల్లె సంఘానికి నేను పోతా. పెట్రోలు ఎవురేస్తారు?"

"అమ్మగారు బస్సులో పోతా ఉండె కదప్పా!"

పూర్వపక్షం: జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకుందాం. సిద్ధాంతం: కోశాధికారి పాసుబుక్కు తెరిచి చూపాడు. వాదం సమాప్తం.

పంపకమైతే జరిగింది. గంట కొట్టే పని టమోటా మండీలో గుమాస్తా అయిన కుర్రవాడికి పడింది; రేటు లేచిన వారం గంట ఆలస్యం. బల్లగుడ్డ ఉతికే వంతు పెద్దల్లో ఒకాయనది. నీలిమందు చుక్కలు వేయాల్సిన చోట సీసా వంచేశాడు. ఆ రెండో ఆదివారం ప్రభు బల్ల మీద ఆకాశం పరిచినట్టుంది. పుంగనూరు అయ్యగారు చూసి, ఏమీ అనకుండా, రొట్టె పళ్లెం కాస్త నీలం తక్కువున్న వైపుకు జరిపారు.

విశేషాంశం

ఈ పంపకం కొత్తదని మూలకర్త భ్రమ. మిషనరీ జేకబ్ చేంబర్లేన్ దొర 1863లో మదనపల్లెకు చేరాడు. ఆ ఏడే దేశీయ సహాయకులను వెంటబెట్టుకుని నైజాం రాజ్యం మీదుగా 1,200 మైళ్ల యాత్రకు పోయాడు. 1896లో ఆయన పులి అడవుల పుస్తకం వచ్చింది. ఊళ్లలో ఉండి అక్షరాలు దిద్దించి, ప్రార్థన జరిపిన ఉపదేశుల పేర్లు మాలో ఎవరినడిగినా చెప్పలేరు. వాళ్ల ఇల్లాళ్ల సంగతి అడగనే వద్దు.

తాత్పర్యం

ఒకరు వెళ్లారు, ఇద్దరు పోయారు, పద్నాలుగు మందిమి చేస్తున్నాం, ఇంకా మూలింటి అవ్వ కంటి చుక్కలు ఒక బుధవారం మరిచిపోయాం.

గద్య

ఇది మదనపల్లె పుర నివాసియు, రెండు నెలల చందా బకాయిదారుండును, నీలిమందు సీసా వంచినవాడునగు సంఘస్థునిచే విరచితంబైన బదిలీ నోటీసు టీకయందు సర్వంబు నేకాశ్వాసము.