రాజ్యాంగం మావయ్య

భిలాయిలో తెలుగువాళ్ళున్న ప్రతి సెక్టార్‌కీ ఒక రాజ్యాంగం మావయ్య ఉంటాడు. రైల్ మిల్లులో రిటైరై, అమ్మాయిని అమెరికా పంపి, అల్లుడి హెచ్-1బి బెంగని పొద్దున్నే బీపీ మాత్రతో కలిపి మింగే మనిషి.

2025 జనవరి 20న ట్రంప్ ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టేదాకా మా మావయ్యకి తెలిసిన చట్టమల్లా గ్రాట్యుటీ లెక్కే. తాత్కాలిక వీసాల వాళ్ళకి పుట్టే బిడ్డలకి పౌరసత్వం లేదనేసరికి అమ్మాయికి ఆరో నెల. అంతే, సెక్టార్ 5 బాలాజీ గుడిలో పులిహోర దొన్నె పట్టుకున్నవాడికల్లా, అక్కడ పుట్టినవాళ్ళు పౌరులేననే అమెరికా రాజ్యాంగం 14వ సవరణ పాఠం మొదలు.

"1868లో ఏం ఆమోదించారో అదే! అక్షరం కదపడానికి వీల్లేదు. వాంగ్ కిమ్ ఆర్క్ ఎవరి బిడ్డ? చైనా దంపతుల బిడ్డ. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు కాబట్టి పౌరుడేనని 1898లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది."

"ఆ తల్లిదండ్రులకి అక్కడ స్థిర నివాసం ఉందని కూడా తీర్పులో ఉంది కదా మావయ్యా" అన్నాడు, కొత్తగా దుర్గ్ కోర్టుకెళ్తున్న కుర్ర లాయరు.

మావయ్య దొన్నె కింద పెట్టాడు. "మా నాన్న పలాస నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేనిక్కడే పుట్టాను. అయినా అమ్మాయి మూల్ నివాసీ సర్టిఫికెట్ కోసం చెప్పులరిగేలా తిరిగాను. స్థిర నివాసం గురించి నాకు చెప్తావా బాబూ?"

కోర్టులు ఆ ఉత్తర్వుని ఆపాయి, మనవరాలు పుట్టింది, పాస్‌పోర్టూ వచ్చింది. మావయ్య మాత్రం ఆగలేదు. ర్యాండీ బార్నెట్, ఇలాన్ వుర్మన్ అనే ప్రొఫెసర్లు ట్రంప్ వాదనలోనూ పస ఉందని రాశారని తెలిసి రెండు రోజులు గుడికే రాలేదు. వాళ్ళూ ఒరిజినలిస్టులే, రాసిననాటి అర్థమే పట్టుకోవాలనే బాపతు. "మనవాళ్ళే బాబూ, మనవాళ్ళే!" అని వాపోయాడు, బార్నెట్ పాఠాలు చెప్పే జార్జ్‌టౌన్ యూనివర్సిటీ తన వియ్యాలవారిదైనట్టు.

ఇంతలో క్వార్టర్ల ఆఫీసు నుంచి నోటీసు. గులాబీ మొక్కలు పీకించి కారుకి వేసిన రేకుల షెడ్డు అలాట్‌మెంట్ షరతులకి విరుద్ధమట. మావయ్య ప్లేటు ఫిరాయించాడు.

"ఆ షరతులు రాసిననాడు ఇంటికో సైకిలుండేది! కాలం మారితే రూలూ మారొద్దూ?"

సజీవ రాజ్యాంగమని అమెరికాలో కొందరు ప్రొఫెసర్లు చెప్పేది సరిగ్గా ఇదే. మావయ్య రోజూ దుమ్మెత్తిపోసేదీ వాళ్ళనే. అత్తయ్య గారు నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయారు.

జవాబు రాయడానికి ఆ కుర్ర లాయర్నే పిలిపించి, మొదటి పేరాలోనే వాంగ్ కిమ్ ఆర్క్‌ని పెట్టమన్నాడు.

"కారు ఇక్కడ పుట్టలేదు కదా మావయ్యా?"

"నంబరు ప్లేటు చూడు. సీజీ 07. రాయి."